రెండో పూట మాత్ర

కృష్ణకుమారి సామర్లకోటలో రైలెక్కి, పెళ్లయిన పదకొండో రోజున సరోజినీ నగర్ క్వార్టరులో అడుగుపెట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. భర్త రాజగోపాల్ కేంద్ర ప్రభుత్వం కింద నడిచే నేతపని శిక్షణ మండలిలో డ్రాఫ్ట్స్‌మన్. ఎక్కడెక్కడి చీరల అంచులనో గళ్ల కాగితం మీద చుక్క చుక్కగా గీసి, మగ్గం నేర్చుకునేవాళ్లకు పంపించడం ఆయన పని. మాట తక్కువ మనిషి. పెన్సిల్ చెక్కుకుంటూ గంటల తరబడి కూర్చోగలడు. ఆమె అలా కాదు. నెల తిరిగేసరికి కూరగాయల బండివాడితో హిందీలో బేరమాడటం నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ క్వార్టర్లలోని తెలుగు పిల్లలందరికీ సాయంత్రాలు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది.

జీతం పెద్దదేమీ కాదు. అయినా తల మీద కప్పు ఉంది. ఒంట్లో బాగాలేకపోతే మార్కెట్ వెనక సందులో మండలి డిస్పెన్సరీ ఉంది. కూతురు ఇషిత కడుపున పడ్డప్పుడు చూసిందీ అక్కడే, ఆ పిల్లకు టీకాలు వేసిందీ అక్కడే. మండలి ఇచ్చిన కార్డు చూపిస్తే చీటీ రాస్తారు, చీటీ చూపిస్తే పక్క కిటికీలోంచి నేగీ అనే ఫార్మసిస్టు గోధుమరంగు కాగితం కవరులో మందులు పెట్టి ఇస్తాడు. ఆ కార్డు లేని బతుకు ఎలా ఉంటుందో వాళ్లెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

రాజగోపాల్‌కు యాభై అయిదో ఏట కాళ్లు వాచాయి. ఎండలో తిరిగినందుకేమో అనుకున్నారు. తర్వాత ముఖం వాచింది, అన్నం సహించడం మానేసింది. రెండు కిడ్నీలూ పాడైపోయాయని డాక్టర్లు చెప్పారు. ఏడు నెలలు డయాలిసిస్ మీద నడిచాడు. ఆఫీసుకు సెలవు పెట్టి, వారానికి మూడు రోజులు యంత్రం పక్కన పడుకుని, ఇంటికొచ్చాక గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆయనకు తెలియకుండా కృష్ణకుమారి తన రక్తం పరీక్ష చేయించుకుంది. సరిపోతుందని తేలాక చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. రెండు వారాలు ఆ మాటెత్తితేనే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

"నాకు రెండున్నాయి కదండీ," అంది ఒక రోజు, కంచంలో అన్నం వడ్డిస్తూ. "ఒకటి మీకిస్తే ఇద్దరికీ చెరొకటీ ఉంటుంది. అంతే కదా."

ఆయన కంచం పక్కకు జరిపాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవగా ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆపరేషన్ ఖర్చంతా కార్డు మీదే జరిగిపోయింది. డిశ్చార్జి చేసే రోజున డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకటే విషయం పదే పదే చెప్పాడు. ఒంట్లోకి వచ్చిన కిడ్నీ పరాయిదని శరీరం ఎప్పటికీ మరిచిపోదు. దాన్ని తరిమెయ్యాలని చూస్తూనే ఉంటుంది. ఆపేవి ఈ మాత్రలే. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఎనిమిదింటికి ఒకసారి, బతికినన్నాళ్లూ. ఒక్క పూట కూడా తప్పకూడదు.

ఆమె తప్పనివ్వలేదు. ఫోనులో రెండు పూటలకూ అలారం పెట్టింది. కాకినాడలో తమ్ముడి కూతురి పెళ్లి పీటల దగ్గర కూడా బ్యాగులోంచి మాత్రలు తీసి ఆయన చేతిలో పెట్టింది. నెలనెలా మొదటి వారంలో డిస్పెన్సరీకి వెళ్లి కవరు తెచ్చుకునేవారు. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ మధ్యలో ఆయన రిటైరయ్యాడు. సరోజినీ నగర్‌లో పాత క్వార్టర్లు పడగొట్టి పెద్ద పెద్ద భవనాలు కడుతున్నారు. వీళ్లు ఢిల్లీ దాటి, మెట్రో ఆఖరి స్టేషను వైశాలిలో మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. దానికి తీసుకున్న లోను సాకేత్‌లో ఉద్యోగం చేస్తున్న ఇషిత తీరుస్తోంది.

ఒక ఫిబ్రవరిలో, బడ్జెట్ అయిన వారానికి, మండలిని రద్దు చేసి ఇంకో సంస్థలో కలిపేస్తున్నట్టు వార్త వచ్చింది. అది పేపర్లో లోపలి పేజీలో రెండు ముక్కలు. కింద ఇంకో ముక్క ఉంది. రిటైరైనవాళ్ల వైద్య సదుపాయాన్ని ఇక మీద ఇన్సూరెన్స్ పద్ధతిలోకి మారుస్తారు. కృష్ణకుమారి దాన్ని రెండుసార్లు చదివింది. ఇన్సూరెన్స్ అంటే మంచిదేనేమో అనుకుంది. డిస్పెన్సరీ పూర్తిగా మూయలేదు. జ్వరానికీ దగ్గుకూ మందులిస్తారు, బీపీ చూస్తారు. ఖరీదైన మందులు మాత్రం ఏప్రిల్ నుంచి ఉండవని కిటికీ పక్కన కాగితం అంటించారు.

కొత్త కార్డు వచ్చింది. దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఇషిత చదివి చెప్పింది. ఆసుపత్రిలో చేరితే పాలసీ ఇస్తుంది. డయాలిసిస్‌కు ఇస్తుంది. ఇంట్లో వేసుకునే మాత్రలకు ఇవ్వదు.

"అంటే కిడ్నీ పోతే డబ్బులిస్తారు, పోకుండా ఆపడానికి ఇవ్వరు," అన్నాడు రాజగోపాల్. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు.

మండలి పెన్షనర్లకు ఒక సంఘం ఉంది. దాని కార్యదర్శి భీమశంకరం, విజయనగరం వైపు మనిషి, ఒకప్పుడు మండలిలో సూపరింటెండెంటు. ఆయన భార్య అన్నపూర్ణేశ్వరికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఆవిడకూ రోజువారీ మాత్రలున్నాయి. ఆయన అర్జీ రాశాడు. కృష్ణకుమారి దాన్ని పట్టుకుని సంఘం సభ్యుల ఇళ్లకు తిరిగి సంతకాలు పెట్టించింది. ఎండలో నిలబడి ధర్నా చేశారు. అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు గొడుగులు వేసుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఒక టీవీ వాళ్లు వచ్చి పది నిమిషాలు వీడియో తీసుకెళ్లారు. ఆ రాత్రి చర్చలో ఎవరో పెద్దమనిషి, దేశం ఎదగాలంటే అందరూ కొంత త్యాగం చెయ్యాలన్నాడు.

మంత్రిత్వ శాఖలో ఒక అధికారి వీళ్లకు పావుగంట సమయమిచ్చాడు. మర్యాదగా టీ ఇప్పించాడు. కృష్ణకుమారి తన భర్త ఫైలు తెరిచి చూపించబోతే చేత్తో వద్దన్నాడు. ఇది విధానపరమైన నిర్ణయమనీ, ఒక్కొక్కరి కేసూ చూస్తూ కూర్చుంటే ఏ సంస్కరణా జరగదనీ, వ్యక్తిగతంగా తనకెంతో బాధగా ఉందనీ చెప్పాడు. ఎన్నికలు దగ్గర పడ్డాక ఒక అభ్యర్థి వైశాలి పార్కులో సభ పెట్టి, గెలిపిస్తే మొదటి నెలలోనే పెన్షనర్ల మందులు తిరిగి ఇప్పిస్తానన్నాడు. గెలిచాడు. ఆ తర్వాత ఆయన ఆఫీసులో ఫోను ఎత్తే కుర్రాడు, సార్ టూర్‌లో ఉన్నారని చెప్పడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు. పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లి అడిగితే, మీకు వేరే పథకం ఉంది కాబట్టి పేదలకిచ్చేవి మీకు రావని తిప్పి పంపారు.

ఈలోగా మాత్రలు బయట కొనడం మొదలుపెట్టారు. పెన్షన్‌లో సగానికి పైగా వాటికే పోయేది. మిగతాది ఇషిత చూసుకుంటానంది. మే నెలలో ఆ పిల్ల పనిచేసే కంపెనీ ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఇషితతో పాటు నలభై మందిని ఒకే రోజు ఇంటికి పంపించారు. ఆ పిల్ల లాప్‌టాప్ బ్యాగు సోఫాలో పడేసి స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

కృష్ణకుమారి మళ్లీ పాఠాలు మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కల హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు, జవాబు హిందీలో ఇస్తారు. పొద్దున నాలుగింటికి లేచి కందిపొడి, కరివేపాకు పొడి కొట్టి, వాటిని పాఠానికి వెళ్లే ఇళ్లలోనే అమ్మేది. సాత్విక అనే ఎనిమిదేళ్ల పిల్లకు గుణింతం చెబుతుండగా ఒక రోజు వాళ్ల నాన్న క్రాంతి పక్క గదిలో ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "గవర్నమెంట్ అందర్ని ఎన్నిరోజులు సాకుతది? మన ట్యాక్సులన్నీ ఈ ఫ్రీ మందులకే పోతున్నయి," అంటున్నాడు. చెడ్డవాడేం కాదు. ఆమె వెళ్తుంటే లిఫ్టు దాకా వచ్చి సాగనంపుతాడు. ఆ రోజూ వచ్చాడు. కృష్ణకుమారి వెళ్లొస్తానని లిఫ్టెక్కింది. కింది అంతస్తు చేరేదాకా ఆమె చెవులు వేడెక్కిపోయి ఉన్నాయి.

జూన్ మొదటి వారంలో రాజగోపాల్ పొద్దున్నే తయారై మెట్రోలో సరోజినీ నగర్ వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, తెలిసిన గోధుమరంగు కవరు బల్ల మీద పెట్టాడు.

"నేగీ ఇచ్చాడు," అన్నాడు. "పాత స్టాకు కొంత ఉందట. ఒక పూటవి ఇస్తానన్నాడు. రెండో పూటవి మనం కొనుక్కుంటే చాలు."

ఆమె ఆ కవరును కళ్లకద్దుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నాడాయన. పాపం మన మీద దయతో ఇస్తున్నాడు, పదిమందికీ తెలిస్తే అతని ఉద్యోగానికి ముప్పు అన్నాడు. ఆమె చెప్పలేదు. పొద్దున మాత్ర కొన్న స్ట్రిప్పులోంచి, సాయంత్రం మాత్ర కవరులోంచి. ఎనిమిదింటికి అలారం మోగగానే ఆయనే లేచి వెళ్లి, కవరులోంచి తీసుకుని, ఆమెకు వీపు పెట్టి నీళ్లు తాగేవాడు. నెలనెలా తానొక్కడే వెళ్లి తెచ్చేవాడు. నీకెందుకు, పాఠాలకు ఆలస్యమవుతుంది అనేవాడు. ఆ నాలుగు నెలలూ కృష్ణకుమారికి కాస్త ఊపిరాడింది. ఆయన మునుపటికన్నా నెమ్మదిగా నడుస్తున్నాడని గమనించకపోలేదు. ఎండలకనుకుంది.

అక్టోబరులో భీమశంకరం ఫోను చేశాడు. కోర్టు విషయమేదో చెబుతూ, మాటల మధ్యలో, అన్నపూర్ణేశ్వరి మాత్రలు మానేసిందని చెప్పాడు. తను బతికి ఏం సాధించాలి, ఆ డబ్బుతో మనవడి ఫీజు కట్టమంటోందట. ఎంత బతిమాలినా వినడం లేదన్నాడు. కృష్ణకుమారి ఇక ఉండబట్టలేకపోయింది. డిస్పెన్సరీలో ఒక పూటవి ఇస్తున్నారనీ, తమకు నాలుగు నెలలుగా అందుతున్నాయనీ, నేగీ పేరు మాత్రం బయట పెట్టొద్దనీ చెప్పింది. ఫోను పెట్టేశాక ఒక మంచి పని చేశానన్న తృప్తి కలిగింది.

భీమశంకరం ఎంతైనా సంఘం కార్యదర్శి. తన ఇంటివరకే ఉంచుకోవడం ఆయనకు చేతకాలేదు. సోమవారం పొద్దున డిస్పెన్సరీ తలుపు తెరిచేసరికి ముప్పై మందికి పైగా వచ్చేశారు. ఫరీదాబాద్ నుంచి వచ్చినవాళ్లున్నారు, చేతికర్రలవాళ్లున్నారు, కొడుకు బైకు మీద కూర్చుని వచ్చినవాళ్లున్నారు. కిటికీ దగ్గర గొడవవుతోందని తెలిసి కృష్ణకుమారి పాఠం మధ్యలో వదిలేసి పరుగున వెళ్లింది. ఆనంద్ విహార్‌లో మెట్రో మారి, అక్కడికి చేరేసరికి నేగీ కిటికీ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఏప్రిల్ నుంచి తన దగ్గర ఆ మందులు ఒక్కటి కూడా లేవని అందరికీ చెబుతున్నాడు. ఆమెను చూడగానే భీమశంకరం, అదిగో ఆవిడే చెప్పింది, ఆవిడనే అడగండన్నాడు.

ఆమె ముందుకు వెళ్లింది. మా వారికి మీరే కదా ఇస్తున్నారు, భయపడకండి, మేం పై దాకా వెళ్లి మాట్లాడతామంది. నేగీ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, లోపల్నుంచి రిజిస్టరు తెచ్చి కిటికీ అరుగు మీద తెరిచాడు. రాజగోపాల్ పేరు ఎదురుగా ఆఖరి సంతకం మార్చి నెలది.

"భాభీజీ," అన్నాడతను హిందీలో, మిగతావాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి. "ఆయన నెలనెలా వస్తారు. ఆ బయట బెంచీ మీద కూర్చుంటారు. నా దగ్గర ఖాళీ కవరొకటి అడిగి తీసుకుని, చాయ్ తాగి వెళ్లిపోతారు. ఎందుకని నేనడగలేదు."

ఆమె రిజిస్టరులోని ఆ సంతకం మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. వెనక నుంచి ఎవరో, మమ్మల్నందర్నీ ఎందుకు తిప్పించావమ్మా అని అడుగుతున్నారు. ఎవరో తిడుతున్నారు కూడా. అన్నపూర్ణేశ్వరి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టింది. మందులు మానేసిన మనిషి కాబట్టి ఆవిడకు అర్థమైపోయినట్టుంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. రాజగోపాల్ కిటికీ పక్క కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. కృష్ణకుమారి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ మీది కవరు దింపి బల్ల మీద బోర్లించింది. తెల్లటి మాత్రలు దొర్లాయి. అవి తనవే. మోకాళ్ల నొప్పులకు తను వేసుకునే కాల్షియం మాత్రలు.

ఆయన కళ్లు తెరిచి చూశాడు. దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"ఎన్నాళ్లండీ?"

"జూన్ నుంచి."

"ఎందుకు?"

"పిల్లకి ఉద్యోగం లేదు. నువ్వు నాలుగింటికి లేచి రోలు ముందు కూర్చుంటున్నావు. చూడలేకపోయాను కుమారీ. ఒక పూట వేసుకుంటున్నాను కదా, సగం పనైనా చేస్తుందనుకున్నాను."

"మీరు అనుకున్నారు." ఆమె ఖాళీ కవరు నలిపేసింది. "అది మీ ఒక్కరిదేనా? నా కడుపు కోయించుకుని ఇచ్చాను. నన్నడగాలని అనిపించలేదా మీకు?"

ఆయన తల దించుకున్నాడు. ఇషిత గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బల్ల మీది మాత్రలూ, అమ్మ ముఖమూ చూసి, ఏం జరిగిందో ఆ పిల్ల హిందీలో అడిగింది. కృష్ణకుమారి ఆ సాయంత్రమే వెళ్లి రెండు పూటల మాత్రలూ కొనుక్కొచ్చింది. ఎనిమిదింటికి అలారం మోగినప్పుడు మాత్ర తన చేత్తోనే ఆయన నోట్లో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడింది.

మర్నాడు రక్తం పరీక్ష చేయించారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె, ఒకటి దగ్గర ఉండాల్సింది, మూడు దాటింది. ఆసుపత్రిలో చేర్చి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మూడు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. ఒక వారం అంకె తగ్గింది. ఆ వారంలో కృష్ణకుమారి ఎన్ని మొక్కులు మొక్కుకుందో ఆమెకే లెక్క తెలియదు. తర్వాత అంకె మళ్లీ పెరగడం మొదలై, ఇక ఆగలేదు. డాక్టరు కొత్తవాడు, కుర్రవాడు. మూడు నెలల క్రితం వచ్చి ఉంటే అన్నాడు. అని, ఆమె ముఖం చూసి, ఆ మాట అక్కడితో ఆపేశాడు. జనవరిలో రాజగోపాల్ మళ్లీ డయాలిసిస్ యంత్రం పక్కన పడుకున్నాడు. కొత్త కార్డు చూపించగానే కౌంటరులో అమ్మాయి వెంటనే ముద్ర వేసి ఇచ్చింది. ఇది పాలసీలో ఉంది ఆంటీ, మీకేం ఇబ్బంది లేదంది.

ఇషితకు డిసెంబరులోనే వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది, జీతం తక్కువైనా. ఒక ఆదివారం ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని, తెలుగులో మాట్లాడటానికి ప్రయత్నించింది. ముఖ్యమైన విషయాలు చెప్పాల్సి వచ్చినప్పుడే ఆ పిల్ల తెలుగులోకి వస్తుంది.

"మమ్మీ, నేను టెస్ట్ చేయించాను. నాది పప్పాకి సరిపోతుంది."

కృష్ణకుమారి చేతిలోని చాట కింద పెట్టేసింది. ఇరవై ఏడేళ్ల పిల్ల. నేను చెరొకటీ అని చెప్పి ఆయన్ని ఒప్పించినట్టే ఇది కూడా ఏదో ఒకటి చెప్పి ఒప్పించేస్తుందని భయం వేసింది. ఇచ్చినా, మళ్లీ ఆ మాత్రలే కదా. మళ్లీ ఏ ఫిబ్రవరిలోనో ఎవరో ఒక కాగితం మీద సంతకం పెడితే నీది కూడా పోతుంది. ఆ మాట పైకి అనలేదు. ఆయనకు చెప్పొద్దని మాత్రం ఒట్టు వేయించుకుంది. ఆ పిల్ల ఏడ్చింది, కోపం తెచ్చుకుంది, ఠీక్ హై అని లేచి వెళ్లిపోయింది. వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. పరీక్ష కాగితాన్ని మాత్రం చించెయ్యలేదు. కృష్ణకుమారి వెతికి చూసింది, అల్మారాలో బట్టల కింద ఉంది.

ఆ రోజుల్లోనే భీమశంకరం ఇంటికి వచ్చాడు. డిస్పెన్సరీ దగ్గర ఆ రోజు తనన్న మాటలకు ముందుగా క్షమాపణ అడిగాడు. సంఘం ట్రిబ్యునల్‌లో కేసు వేసిందనీ, లాయరు ఒక బాధితుడి ప్రమాణపత్రం కావాలంటున్నాడనీ, మాత్రలు ఆగడం వల్ల ఏం జరిగిందో రుజువుతో చెప్పగలిగేది మీరేననీ అన్నాడు. కృష్ణకుమారి భర్త వైపు చూసింది. జరిగింది జరిగినట్టు రాయాలంటే ఆయన ఆడిన అబద్ధం రాయాలి, ఖాళీ కవరు సంగతి రాయాలి. పాతికేళ్లు ఒకే ఆఫీసులో పనిచేసి ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. అదంతా అక్కడ పైకి చదువుతారు.

"రాయి," అన్నాడాయన మంచం మీంచి. "సిగ్గుపడాల్సింది నేనొక్కడినే కాదు కదా. అంతా రాయి."

లాయరు ఇంగ్లీషులో రాసిన దాన్ని ఇషిత తెలుగులో చదివి వినిపించింది. ఒకచోట "నా భర్త నన్ను మోసగించాడు" అని ఉంది. కృష్ణకుమారి ఆ వాక్యం కొట్టేయమంది. లాయరు ఒప్పుకోలేదు, కేసుకు అదే బలమన్నాడు. చివరికి "నాకు భారం కాకూడదని నాకు చెప్పకుండా మానేశాడు" అని మార్పించింది. సంతకం పెట్టి, కాగితాలు సరిచూసి లాయరుకిచ్చింది. బయటికొచ్చాక లిఫ్టులో ఒక్కర్తీ ఉన్నప్పుడు మాత్రం గోడకు తల ఆనించి నిలబడిపోయింది.

ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తుది తీర్పు వచ్చేలోగా, ఆరు నెలల పాటు, అర్జీదారులకు మునుపటిలాగే మాత్రలివ్వాలి. సంఘం గ్రూపులో అందరూ దండాలు పెట్టారు. పంపిణీ మొదలయ్యే రోజు మంగళవారం. రాజగోపాల్‌ను ఆసుపత్రిలో యంత్రం దగ్గర పడుకోబెట్టి, నాలుగు గంటల సమయం ఉంది కదా అని ఆమె సరోజినీ నగర్ వెళ్లింది. అన్నపూర్ణేశ్వరికి తోడుగా రమ్మని భీమశంకరం అడిగాడు. ఆవిడ మళ్లీ మాత్రలు వేసుకోవడానికి ఒప్పుకుంది, కానీ ఒంటరిగా వెళ్లనంటోందట.

లైను సందు చివరిదాకా ఉంది. కేసులో పేరు లేకపోయినా ఏమైనా ఇస్తారేమోనని వచ్చినవాళ్లూ ఉన్నారు; చివర నిలబడ్డ ఒకాయన తనకు కిడ్నీ మార్చి రెండేళ్లే అయిందని ఆమెతో అన్నాడు. నేగీ దగ్గర కొత్త జాబితా ఉంది, కేసులో పేర్లున్న వరసలోనే. మొదటి అర్జీదారు రాజగోపాల్. నేగీ తల వంచుకునే పేరు చదివి, కవరు అరుగు మీద పెట్టాడు. తర్వాత తలెత్తి, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి, చెయ్యి వెనక్కి తీసుకోలేక అలాగే ఉండిపోయాడు.

ఆ కిడ్నీ పోయింది, ఆయనకు ఇప్పుడు ఇవి అక్కర్లేదని ఆమె చెప్పింది. వీటిని ఇవే మాత్రలు వాడే ఇంకెవరికైనా ఇవ్వమంది. అలా కుదరదు, ఎవరి పేరు మీద వచ్చినవి వాళ్లకే, తీసుకోకపోతే వెనక్కి వెళ్లిపోతాయన్నాడతను. అప్పుడు కృష్ణకుమారికి పట్టరాని కోపం వచ్చింది. అధికారి గదిలో రాని కోపం, టీవీ ముందు రాని కోపం, క్రాంతి ఇంట్లో దిగమింగిన కోపం. వెనక్కి పోవడానికి వీల్లేదని, లైను చివర నిలబడ్డ ఆ మనిషికి కిడ్నీ మార్చి రెండేళ్లే అయిందని, ఆయన పేరు కేసులో లేకపోయినంత మాత్రాన చచ్చిపోవాలా అని అరిచింది. నేగీ రిజిస్టరు ఆమె వైపు తిప్పి, మీరు తీసుకున్నట్టు సంతకం పెట్టండి, తర్వాత మీరు ఎవరికిచ్చుకుంటారో నేను చూడనన్నాడు. ఆమె భర్త పేరు ఎదురుగా సంతకం పెట్టింది. కవరు తీసుకుని, లైను వెనకదాకా నడిచి వెళ్లి, ఆ మనిషి చేతిలో పెట్టింది. పేరు కూడా సరిగ్గా తెలియని మనిషి. ఆయన ఏదో చెప్పబోతే, ఒక్క పూట కూడా తప్పొద్దని మాత్రం చెప్పి వచ్చేసింది.

ఆసుపత్రికి చేరేసరికి ఇంకా ముప్పావుగంట మిగిలి ఉంది. రాజగోపాల్ చెయ్యి దుప్పటి మీద చాపి ఉంది, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. అందరికీ అందాయా అని అడిగాడు. అందాయంది. అన్నపూర్ణేశ్వరి తీసుకుందా అన్నాడు. తీసుకుందంది. మనవి ఏమయ్యాయని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాసేపయ్యాక ఆయన, ఆరు నెలల తర్వాతో అన్నాడు. మళ్లీ వాయిదా ఉంది, మళ్లీ వెళ్లాలి అంది కృష్ణకుమారి. బ్యాగులోంచి భీమశంకరం ఇచ్చిన కొత్త అర్జీ తీసి, స్టూలు మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఈసారి అందులో డెబ్బై రెండు పేర్లున్నాయి. తొలి అర్జీలో ఎనభై ఆరుండేవి.